నేను మింగిన పన్ను

హైదరాబాదు వెళ్ళొచ్చినవాళ్ళు చార్మినార్ గురించి చెబుతారు, లాడ్ బజార్ గాజులు చూపిస్తారు. నేనూ మొన్న ఆషాఢంలో వెళ్ళొచ్చాను. నా రిక్షా చార్మినార్ పక్కనుంచే పోయింది. కానీ తలెత్తి చూశానా అంటే ఏమో, చెప్పలేను. నా చూపంతా ఒళ్ళో పెట్టుకున్న కళ్ళజోడు డబ్బా మీదే ఉంది. అందులో కళ్ళజోడు లేదు. ఒక పన్ను ఉంది.

నేను కాకినాడలో ఒక కాలేజీలో జియాలజీ పాఠాలు చెబుతాను. అమ్మాయి ఏం చదివిందని ఎవరైనా అడిగితే మా అమ్మ "రాళ్ళు" అని చెప్పి మాట మార్చేస్తుంది. పిహెచ్‌డి కోసం నేను పట్టుకున్నవి కోనోడాంట్లు. నలభై కోట్ల ఏళ్ళ కిందటి సముద్రాల్లో ఏదో జంతువు ఉండేది. దాని ఒళ్ళు దొరకలేదు, ముఖం దొరకలేదు. పళ్ళలాంటివి మాత్రం సున్నపురాళ్ళలో దొరుకుతాయి. పక్కన పెడితే ఆవగింజ గుమ్మడికాయలా కనిపిస్తుంది, అంత చిన్నవి. అసలవి పళ్ళేనని కూడా ఎవరూ ఒట్టేసి చెప్పలేరు. ఇంత తెలియనితనంలో నా తెలియనితనం బయటపడదని ఈ దారి ఎంచుకున్నాను.

వీటి ఉపయోగం ఒకటుంది. చీర అంచు చూసి ఇది ఫలానా వాళ్ళ పెళ్ళినాటిదని మన పెద్దవాళ్ళు చెప్పినట్టు, ఈ పళ్ళ ఆకారం చూసి ఆ రాతిపొర ఏ కాలానిదో చెప్పవచ్చు. కొమ్ములాంటివి, దువ్వెనలాంటివి, గిన్నెకు కొమ్మలు మొలిచినట్టుండేవి, ఒక్కో కాలానికి ఒక్కో మోస్తరు. హిమాలయాల్లోని స్పితి లోయ నుంచి ఎప్పుడో తెచ్చిన సున్నపురాయి ఒకటి మా కాలేజీ అలమరాలో పడి ఉండేది. వెనిగర్‌లో ఉండే యాసిడ్‌నే నీళ్ళలో కలిపి, దాంట్లో ఆ రాయిని నెలల తరబడి నానబెట్టి మొత్తం కరిగించాను. అడుగున మిగిలిన మట్టిని మైక్రోస్కోపు కింద గింజ గింజా ఏరాను. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు, నాకు ఎలుక కూడా దొరకలేదు. విరిగిన ముక్కలు కాసిని, నిండుగా ఉన్న పన్ను ఒక్కటి దొరికాయి. దాని పేరు కాకెలెల్లా. ఆ పేరు పెట్టింది నేను కాదు.

కాకెలెల్లా ఉంటే ఆ పొర సిలూరియన్ కాలానిది. మా గైడ్ గారేమో అది అంతకు ముందరి ఆర్డోవిషియన్ కాలానిదని తన ఉద్యోగం మొదలైనప్పటి నుంచీ అంటున్నారు. ఆ రాయి తెచ్చిన ప్రభుదాస్ గారు సర్కారు కొలువులో జియాలజిస్టుగా చేసి రిటైరై పాతబస్తీలో ఉంటున్నారు. వయసులో ఉండగా ఆ పొర సిలూరియనే అని ఆయన వాదిస్తే, ఆధారం ఏదని పెద్దలంతా నవ్వారట. "ఆయన వాదన నాకు నచ్చదు గాని ఆయన కన్ను అబద్ధం చెప్పదు," అన్నారు మా గైడ్ గారు. "పన్ను చూసి, అవునని రాసి సంతకం పెడితే నేనూ ఒప్పుకుంటాను. లేకపోతే ఆ అధ్యాయం తీసెయ్యి." ఆ అధ్యాయం తీసేస్తే నా థీసిస్‌లో మిగిలేది అట్టలు రెండూ, కృతజ్ఞతలూ.

నాంపల్లి నుంచి రిక్షా

రైలు కిటికీలోంచి చూస్తే హైదరాబాదు చుట్టూ రాళ్ళే. ఒకదాని మీద ఒకటి, ఎవరో పేర్చి మరిచిపోయినట్టున్నాయి. అంతా గ్రానైటు. ఎంత వెతికినా అందులో పురుగు పన్ను దొరకదు. అలాంటి ఊరికి పన్ను పట్టుకుని వస్తున్నందుకు నాకే నవ్వొచ్చింది.

నేను డబ్బాను రెండు చేతులతో పట్టుకోవడం చూసి రిక్షా అతను ఆగలేకపోయాడు.

"డబ్బీల ఏముందమ్మా, మోతీలా?"

"కాదు, పన్ను."

"కిస్కా?"

"తెలీదు. జంతువుది."

"ఏ జాన్వర్?"

"అదీ తెలీదు."

చార్మినార్ దాటాక ఒక ఇరానీ హోటలు ముందు ఆపి, తనే లోపలికెళ్ళి నాకో చాయ్ తెచ్చిచ్చాడు. బహుశా నాకు అది అవసరమనుకున్నాడు. ముప్పై పైసలకు అంత చిక్కటి టీ మా ఊళ్ళో దొరకదు. మా ఊళ్ళో టీ గొంతు తడుపుతుంది, ఇది మనిషిని కూర్చోబెడుతుంది. దిగేటప్పుడు టీ డబ్బులు ఇస్తే పుచ్చుకోలేదు. "దవాఖానల ఇలాజ్ చేయించుకో అమ్మా, ఖుదా మంచి చేస్తడు," అన్నాడు.

ఛత్రినాకలో మొదటి భోజనం

ప్రభుదాస్ గారి ఇల్లు ఛత్రినాక సందులో, ముందు చిన్న అరుగుతో ఉంది. గోడ మీద ఏసుప్రభువు పటం, దాని కింద హిమాలయాల ఫోటో. ఆయన పొడుగాటి మనిషి, మందపాటి కళ్ళద్దాలు. తలుపు చట్రం మీద చెయ్యి ఆనించి నిలబడి, నా భుజానికి కాస్త పక్కగా చూస్తూ "రా బిడ్డా," అన్నారు. శాస్త్రజ్ఞులు మనుషుల్ని సూటిగా చూడరని విన్నాను కాబట్టి నేనేమీ అనుకోలేదు.

ఆయన భార్య సువార్తమ్మ గారు నా చేతిలోంచి సంచీ లాక్కుని, "ముందు తిను. రాళ్ళ ముచ్చట తర్వాత, రాళ్ళకేం తొందర?" అన్నారు. అన్నం, ఖట్టీ దాల్, వేయించిన ఎండుచేప, దాంతో పాటు సిర్కాలో ఊరేసిన పచ్చిమిరపకాయలు. సిర్కా అంటే వెనిగరే. మా వైపు ఊరగాయ అంటే ఆవపిండీ నూనే. అందుకని ఆశగా కొరికాను. పుల్లగా ఉంటుందనుకున్నది చప్పగా, కాస్త చేదుగా ఉంది. పంటి కింద ఇసుక కరకరమంది. మా ఇంట్లో అయితే ఊసేసి అమ్మ మీద అరిచేదాన్ని. ఇక్కడ అతిథిని కాబట్టి మర్యాదగా మింగి, బాగుందన్నాను. బాగుందంటే ఏమవుతుందో తెలిసిందే. ఇంకో నాలుగు వేశారు.

"గీ సిర్కా గింతే బిడ్డా, ఎప్పుడు తెచ్చినా చప్పగైతది," అని సువార్తమ్మ గారు నొచ్చుకున్నారు. "సేటు నీళ్ళు కలుపుతున్నడు. రేపో ఎల్లుండో వాని సంగతి చెప్త."

డప్పుల దెబ్బ

మర్నాడు ఆదివారం. అది బోనాల ఆదివారమని నాకు తెలియదు. అరుగు పక్క గదిలో కిటికీ దగ్గర ప్రభుదాస్ గారి పాత మైక్రోస్కోపు ఉంది. నేను డబ్బా తెరిచి, గాజుపలక తీసి దాని కింద పెట్టాను. ఆయన వంగి చాలాసేపు చూశారు.

"నీకేం కనబడ్తున్నదో చెప్పు," అన్నారు.

పరీక్ష పెడుతున్నారనుకున్నాను. మధ్యలో గిన్నెలాంటి గుంట, పైన వరుసగా మొనలు, పక్కలకు చిన్న కొమ్మలు, అని గడగడా అప్పజెప్పాను.

"కింది దిక్కు?"

కింది వైపు చూపించాలంటే పన్నును కుంచెతో ఎత్తి తిప్పాలి. ఒక్క వెంట్రుక మందం కొస ఉన్న కుంచె. కొస తడిగా ఉంటేనే పన్ను దానికి అంటుకుంటుంది. పక్కన గిన్నెలో నీళ్ళు పెట్టుకోవాలని పుస్తకాల్లో రాసి ఉంటుంది. మా పని చేసేవాళ్ళలో సగంమంది పెదాల మధ్య పెట్టి తడుపుకుంటారు, కొస కూడా సూదిలా వస్తుందని. నేను ఆ సగంలోదాన్ని. తడపాలి, ఎత్తాలి, దించాలి. మళ్ళీ తడపాలి. ఏళ్ళ తరబడి నా చెయ్యి నన్నడగకుండానే ఈ పని చేస్తోంది.

తడిపాను. ఎత్తాను. సరిగ్గా అప్పుడే సందులో డప్పులు పేలాయి. కిటికీకి అడ్డంగా ఒళ్ళంతా పసుపు పూసుకుని, కొరడా విసురుతూ పోతరాజు ప్రత్యక్షమయ్యాడు. వెనక నెత్తిన బోనాలతో, వేపకొమ్మలతో ఆడవాళ్ళు. మా గోదావరి జాతరల్లో గరగలు చూశాను గాని, ఇంత దగ్గరగా కొరడా ఎన్నడూ చూడలేదు. ఉలిక్కిపడ్డాను. భయమేస్తే కొందరు దేవుణ్ణి తలుచుకుంటారు. నా చెయ్యి కుంచెను నోట్లో పెట్టుకుంది. పళ్ళు టక్కున మూసుకున్నాయి. గుటక పడింది.

కుంచె బయటికి తీస్తే కొస లేదు. పన్నూ లేదు.

"ఏమైంది బిడ్డా?"

"మింగేశాను సార్."

"ఏం మింగినవ్?"

"కాకెలెల్లాని."

సువార్తమ్మ గారు పరుగెత్తుకొచ్చారు. "గంతే గదా, ఆముదం తాగిస్త. రేపటికి బయటపడ్తది," అన్నారు.

"పడదు," అన్నారు ప్రభుదాస్ గారు నీరసంగా. "సిర్కాల ఎన్నిరోజులున్నా పన్నుకేం గాదు. కడుపుల ఉండేది హైడ్రోక్లోరిక్. దాంట్ల ఎప్పుడో కరిగిపోయింది."

నాకు తెలియని విషయం కాదు. క్లాసులో ఏటా నేనే చెబుతాను. ఆధారమంతా అదొక్కటే. రాయి మొత్తం కరిగించేశాను, మళ్ళీ తెచ్చుకుందామంటే స్పితి ఎక్కడ, నేనెక్కడ! ఆయన దగ్గరున్న రాళ్ళన్నీ ఇంటికి సున్నం వేయించినప్పుడు సువార్తమ్మ గారు పారేయించారట. అరుగు మీద కూర్చుని ఏడ్చాను. బోనం ఎత్తుకున్న ఒకావిడ నాకు అమ్మవారు పూనబోతోందేమో అనుకుని నుదుటికి పసుపు రాసి వెళ్ళింది.

కాసేపటికి ప్రభుదాస్ గారు వచ్చి పక్కన కూర్చున్నారు. "ఏం ఫికర్ చేయకు. నువ్వు మింగకముందే నేను చూసిన గదా. కాకెలెల్లానే. సంతకం పెడ్త," అన్నారు. అన్నట్టే కాగితం మీద రాసి ఇచ్చారు. అక్షరాలు కాస్త పైకీ కిందికీ పోయాయి. ముసలితనం అనుకున్నాను. కాగితం పర్సులో పెట్టి జిప్పు మూసి, సిగ్గు లేకుండా రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. సిర్కా మిరపకాయలతో సహా.

ధూల్‌పేట్ కుంచె

కొరికి పాడుచేసిన కుంచె ఆయనది. కొత్తది కొనిస్తానన్నాను. మర్నాడు సువార్తమ్మ గారు నన్ను ధూల్‌పేట్ తీసుకెళ్ళారు. వినాయకుల్ని చేసేచోట సన్న కుంచెలుంటాయని ఆవిడ లెక్క. సందు పొడుగునా రంగులు పడని గణపతులు మట్టిరంగులో బారులుగా కూర్చున్నారు. కళ్ళు దిద్దే ఒక పెద్దాయన్ని సువార్తమ్మ గారు నా బదులు అడిగారు.

"భాయ్, ఈమెకు సన్న కుంచె గావాలె. ఒకటి కొరికి పెట్టింది."

"కొరికిందా? ఎందుకు?"

"నోట్లో పెట్టి తడుపుతాను," అన్నాను చిన్నగా.

ఆయన పెద్దగా నవ్వాడు. నాలుక చిలకపచ్చ రంగులో ఉంది. "నేను గూడ గంతే! మా ఇంటిది రోజూ లొల్లి పెడ్తది," అన్నాడు. ఈ ప్రయాణంలో నన్ను అర్థం చేసుకున్న మొదటి మనిషి ఆయనే. రెండు రూపాయలకు కుంచె ఇచ్చి, కొస తడిపి చూపించబోయాడు. వద్దని దండం పెట్టాను.

సేటు గడప

తిరిగొస్తూ ఛత్రినాక బజారులో సువార్తమ్మ గారు కొంగు దోపుకుని సేటు దుకాణం ఎక్కారు. తాతల నాటి నుంచి ఆ దుకాణం సేటు వాళ్ళదే. సేటు ముందు ఒక సిర్కా సీసా పెట్టి ఆవిడ మొదలుపెట్టారు.

"ఏంది సేటూ, సిర్కాల నీళ్ళు గలుపుతున్నవా? వారం గాకముందే చప్పగైతది!"

"క్యా బోల్‌రహే అమ్మా! మా దుకాన్ల మిలావట్? తోబా తోబా!"

"మరి మా ఇంట్ల ఎందుకు చప్పగైతది?"

"మీ ఇంట్ల సంగతి నాకేం ఎరుక? రుచి చూడు, ఇప్పుడే చూడు!" అంటూ ఆయన రోషంగా మూత పీకాడు. ఆవిడ సీసాను ఇవతలికి లాగారు, ఆయన అవతలికి లాగాడు. సగం సిర్కా గడప మీద పడింది.

గడప షాబాద్ బండ. ఈ ఊళ్ళో గ్రానైటు గుట్టలున్నా ఇళ్ళల్లో పరిచేది షాబాద్ సున్నపురాయే. సిర్కా పడినచోట సన్నగా బుసబుసమని నురగ లేచింది. ఇద్దరూ అరుచుకుంటూనే ఉన్నారు. నేను గడప మీద కూర్చుండిపోయాను.

"సువార్తమ్మ గారూ, సిర్కా అసలైనదే. చూడండి, రాయిని తింటోంది."

"తింటే?"

"రాయిని తిన్న సిర్కా చప్పబడిపోతుంది. మీ జాడీలో మిరపకాయలు తేలకుండా బరువు ఏం పెట్టారు?"

"రాయి పెట్టిన. రాయి గాకపోతే ఏం పెడ్తరు?"

"ఎక్కడి రాయి?"

ఆవిడ సీసా వదిలేశారు. "ఆయన రాళ్ళన్నీ పారేసిన గని... ఒక్కటి ఉంచుకున్న. బల్లపరుపుగ మంచిగున్నదని."

జాడీ అడుగున

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. అదైనా నయం, పిల్లను తినేసి వెతకలేదు ఎవరూ.

ఇంటికొచ్చి జాడీలో చెయ్యి పెట్టి రాయి బయటికి తీశారు. గుంటలు పడి, సగానికి సగం అరిగిపోయి ఉంది. ఆవిడ దాన్ని తెచ్చి భర్త చేతిలో పెట్టారు. ప్రభుదాస్ గారు దాన్ని ముఖం దగ్గరికి తీసుకోలేదు. కళ్ళద్దాలు కూడా సర్దుకోలేదు. అరచేతిలో తిప్పి, బొటనవేలితో మెల్లగా తడిమారు. తెల్ల పెయింటుతో ఆయన అంకెలు వేసినచోట సిర్కా తినలేక, చుట్టూ రాయి కరిగి అంకెలు ఉబ్బెత్తుగా మిగిలాయి.

"ఏడు," అన్నారు. వేలు పక్కకు జరిగింది. "నాలుగు. ఇది నేను రాసిందే. మీ కాలేజీకి పంపిన రాయి మీద గూడ గిదే నంబరు. ఒకటే పొర."

ఆయన వేలు చూస్తూ నిలబడిపోయాను. పట్టపగలు, కిటికీ పక్కన, ఒక మనిషి అంకెల్ని వేలితో చదువుతున్నాడు.

"సార్," అన్నాను. "నిన్న మీరు పన్ను చూశారా?"

ఆయన రాయిని ఒళ్ళో పెట్టుకున్నారు. సువార్తమ్మ గారే చెప్పారు. "మోతిబిందు బిడ్డా, శుక్లాలు. రెండు కండ్లకు. ఆపరేషన్ అంటే భయం. నువ్వొస్తున్నవని తెల్సి, ఆ పిల్లకు చెప్పొద్దన్నడు."

"మబ్బు కనబడ్డది," అన్నారు ప్రభుదాస్ గారు. "మబ్బుల ఏదో నల్లగ. నువ్వు చెప్తుంటే గదే అయ్యుంటదనుకున్న."

"మరి సంతకం ఎందుకు పెట్టారు?"

"నా పొర కోసం గింత దూరమొచ్చింది నువ్వొక్కదానివే. వట్టి చేతుల్తోటి ఎట్ల పంపాలె?"

నాకు దుఃఖం ఆగలేదు. అబద్ధం చెప్పని కన్ను నాకోసం ఒక్క అబద్ధం చెప్పింది. పర్సు తీసి ఆ కాగితం ఆయనకు తిరిగిచ్చేశాను. గొప్ప కోసం చెప్పడం లేదు. జిప్పు తీసి, మళ్ళీ మూసి, మళ్ళీ తీశాకే ఇచ్చాను.

తర్వాత జాడీ బోర్లించాం. ఊరగాయ జాడీ అడుగు కడిగితే రుచి పోతుందని సువార్తమ్మ గారు ఎన్నడూ కడగలేదట. కొత్త సిర్కా పైన పోస్తూ పోవడమే. అడుగున ఒండ్రు వేలు మందాన ఉంది. పాత మల్లు గుడ్డలో వడగట్టి, కడిగి, ఎండబెట్టాం. మిరపగింజలు, ఆవాలు, ఎండిన తొడిమలు. వాటి మధ్య సన్నని ఇసుక. నేను వచ్చినప్పటి నుంచీ మర్యాదగా నమిలి మింగుతున్న ఇసుక.

మైక్రోస్కోపు ముందు కూర్చోగానే సువార్తమ్మ గారు చేతిరుమాలుతో నా నోరు గట్టిగా కట్టేశారు. "ఇప్పుడు ఏరు," అన్నారు. కుంచె అలవాటుగా ఎన్నిసార్లు రుమాలుకు తగిలిందో చెప్పను. ముందు విరిగిన దువ్వెనలు దొరికాయి. తర్వాత ఒక కొమ్ము. పొద్దు వాలుతుండగా ఒక మిరపగింజను పక్కకు జరిపితే, దాని కింద కొమ్మలు చాపుకుని నిండుగా, ఎక్కడా విరగకుండా కూర్చుని ఉంది.

రుమాలు కిందికి లాగి అరిచాను. ప్రభుదాస్ గారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఈసారి మైక్రోస్కోపు వైపు వంగలేదు. కళ్ళు మూసుకున్నారు.

"చెప్పు. గుంట ఎంత వెడల్పు? కొమ్మలెన్ని? చీలినయా, చీలలేదా? మొనలు కలిసిపోయినయా?"

ఒక్కొక్కటే చెప్పాను. తిప్పి కిందివైపు కూడా చెప్పాను, నీళ్ళగిన్నె సాక్షిగా. ఆయన అడిగిందే మళ్ళీ అడిగారు, నేను తడబడినచోట ఆపి మళ్ళీ చూడమన్నారు. చివరికి నిట్టూర్చారు.

"గదే," అన్నారు. కొత్త కాగితం తెప్పించి నాచేత రాయించారు. ‘ఈ నమూనాను నేను చూడలేదు, నాకు చూపు లేదు. ఈమె చూసింది, నేను అడిగాను. ఈమె చెప్పిన ప్రకారం ఇది కాకెలెల్లా, పొర సిలూరియన్.’ కింద సంతకం, మళ్ళీ పైకీ కిందికీ.

తిరుగు రైలు

మా గైడ్ గారి సంగతి ముందే చెప్పేస్తాను. కాగితం చదివారు, పన్ను చూశారు, ఒప్పుకున్నారు. థీసిస్‌లో ఊరగాయ జాడీ మాట మాత్రం తీసెయ్యమన్నారు. తియ్యలేదు. రాయి ఎక్కడ కరిగిందో రాయకపోతే ఎలా?

నేను బయల్దేరే రోజు సువార్తమ్మ గారు సేటుకు ఒక గిన్నెడు మిరపకాయలు పంపి రాజీపడ్డారు. జాడీలోకి చాంద్రాయణగుట్ట దిక్కు నుంచి నల్ల గ్రానైటు రాయి వచ్చింది. దాన్ని ఏ సిర్కా ఏమీ చెయ్యలేదు. ప్రభుదాస్ గారు ఆపరేషన్‌కు సరేనన్నారు. ఎన్నేళ్ళుగానో బతిమాలినా కదలని మనిషి ఒక్క పన్ను కోసం కదిలారని ఆవిడకు సంతోషమూ, ఉక్రోషమూ.

"కట్టు ఇప్పినంక ముందు నా మొఖం చూడాలె. పురుగు పండ్లు తర్వాత," అన్నారావిడ.

"నీ మొఖం నాకు యాదికున్నది," అన్నారాయన. "గీ పన్ను ఒక్కసారి గూడ చూడలే."

ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుని, నాకు దారికి మిరపకాయలు సర్దడానికి లోపలికి వెళ్ళారు. పాత జాడీవే, మిగిలినవి.

రైలు కదిలాక పెరుగన్నంలో ఒకటి కొరికాను. పంటి కింద కరకరమంది. చటుక్కున ఆగిపోయాను. ఎదురు సీటు ఆవిడ వింతగా చూస్తుండగా దాన్ని అరచేతిలోకి తీసి, కాగితంలో పొట్లం కట్టి, పైన ప్రభుదాస్ గారి పేరు రాశాను. అది పన్నో, ఇసుకో, మిరపగింజో ఇంతవరకు నేను చూడలేదు. ఆయన కట్టు విప్పాక పంపిస్తాను. దాన్ని మొదట చూడాల్సింది ఆయన.